‘కాసేపు ఓవెన్‌లో పెట్టండి’ అంటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

సెలవులు దగ్గరపడగానే పత్రికల పిల్లల పేజీలు చేతిపనులతో నిండిపోతాయి. ఈమధ్య వాటిలో పాలిమర్ క్లే నగలు తరచుగా కనిపిస్తున్నాయి. సంతోషమే. అయితే చేసే పద్ధతి దగ్గరికి వచ్చేసరికి చాలావాటిలో ఒకటే వాక్యం: ‘పూసలు చేశాక కాసేపు ఓవెన్‌లో పెట్టి తీయండి.’ ఎంత వేడిలో, ఎంతసేపు, పూస ఎంత లావుంటే? ఆ ఊసే ఉండదు. ‘ఎండలో ఆరబెట్టండి’ అని రాసినవీ లేకపోలేదు. ఈ పని తెలిసినవారికి నవ్వొస్తుంది గానీ, పాటించిన ఇంట్లో పూసలు విరగడమో, వంటగది పొగతో నిండడమో ఖాయం. పిల్లలకు ఈ పని నేర్పేవాళ్లం కాబట్టి ఆ ఒక్క వాక్యంలో దాగిపోయిన సంగతులు రాసి పంపుతున్నాం.

పేరులో క్లే అని ఉన్నా ఇందులో మట్టి ఉండదు. పీవీసీ ప్లాస్టిక్ సన్నటి పొడి, దాన్ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవం, రంగులు, కాస్త ఫిల్లర్ (నింపుడు పొడి). నీళ్లు లేవు కనుక ఆరడం అనే ప్రశ్నే లేదు. నెలలపాటు గాలికి వదిలేసినా గట్టిపడదు. తగినంత వేడి తగిలినప్పుడు ప్లాస్టిక్ రేణువులు ఆ ద్రవాన్ని పీల్చుకుని ఉబ్బి, ఒకదానికొకటి కరిగి అతుక్కుంటాయి. గట్టిపడటం అంటే అదే. గాలికి ఆరి గట్టిపడే క్లే వేరే ఉంది, అందులో నీళ్లుంటాయి, దాని లెక్క వేరు. రెండూ పక్కపక్కనే అమ్ముతారు గనక గందరగోళం అక్కడే మొదలవుతుంది. పొట్లం మీద ఉష్ణోగ్రత ముద్రించి ఉంటే అది కాల్చాల్సిన రకం.

ఆ ఉష్ణోగ్రత అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. ఫిమో సాఫ్ట్‌కు 110 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర 30 నిమిషాలు. స్కల్పీ, ప్రీమో రకాలకు 130 డిగ్రీలు, ప్రతి 6 మిల్లీమీటర్ల మందానికి 15 నుంచి 30 నిమిషాలు. కేటో క్లేకు 150 దాకా కావాలి. ‘పాలిమర్ క్లేను ఇన్ని డిగ్రీల్లో కాల్చండి’ అని ఒకే అంకె వేయడమూ అందుకే సరికాదు. చేతిలో ఉన్న పొట్లం మీద ఏముందో అదే ప్రమాణం.

వేడి చాలకపోతే ఏమవుతుందో ముందు చెప్పాలి, ఎందుకంటే అదే ఎక్కువగా జరిగే తప్పు, కంటికి కనిపించని తప్పు కూడా. 90 డిగ్రీల్లో కాల్చిన పూస చల్లారాక పైకి గట్టిగానే ఉంటుంది. గోటితో నొక్కినా లొంగదు. లోపల మాత్రం రేణువులు సగమే అతుక్కుని ఉంటాయి. వారం తర్వాత దండ నేల మీద పడితే రెండు ముక్కలు. విరిగిన చోట బిస్కెట్ విరిగినట్టు పొడిపొడిగా కనిపిస్తే ఉడకలేదని అర్థం. సరిచూసుకునే ఉపాయం ఉంది: అదే క్లేతో 2 మిల్లీమీటర్ల మందం, వేలెడు పొడవున్న పట్టీ ఒకటి చేసి పూసలతోపాటే కాల్చాలి. పూర్తిగా చల్లారాక వంచితే అది విల్లులా వంగి వెనక్కి రావాలి. పుటుక్కుమంటే ఓవెన్‌లో వేడి చాలలేదన్నమాట. క్లే పారేయక్కర్లేదు, సరైన వేడిలో మళ్లీ పెడితే చాలు. రెండుసార్లు కాల్చినా మూడుసార్లు కాల్చినా దానికి నష్టం లేదు. వేడి సరిగ్గా ఉన్నంతవరకు అరగంట బదులు ముప్పావుగంట ఉంచినా బలం పెరుగుతుందే తప్ప మాడదు. భయపడాల్సింది సమయానికి కాదు, డిగ్రీలకు.

వేడి మితిమీరితే తెలుపు, లేత రంగులు ముందు పసుపుకి, ఆపైన గోధుమ రంగుకి తిరుగుతాయి. ఇంకా పెరిగి 175 డిగ్రీలు దాటే చోటుకి వెళ్తే పీవీసీ విచ్ఛిన్నమై హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వదలడం మొదలవుతుంది. కళ్లు, ముక్కు, గొంతు మండించే వాయువది. సరైన వేడిలో వచ్చే కొద్దిపాటి ప్లాస్టిక్ వాసన వేరు, ఇది వేరు. ముక్కుకి ఘాటుగా తగులుతుంది. అలా జరిగితే చేయాల్సింది ఇంతే: ఓవెన్ ఆపేయాలి, కిటికీలు తెరవాలి, పిల్లల్ని బయటికి పంపాలి, పొగ పోయి ఓవెన్ చల్లారేదాకా తలుపు జోలికి వెళ్లకూడదు. ముందు కంగారుగా తలుపు తెరిచి లోపలికి తొంగిచూసేవాళ్లే ఎక్కువ.

ఈ రెండు తప్పులకూ మూలం ఓవెన్ మీద ఉండే మీట. 130 దగ్గర పెడితే లోపల 130 ఉంటుందన్న నమ్మకం వద్దు. 15, 20 డిగ్రీలు అటూ ఇటూ ఉండటం మామూలే. చిన్న టేబుల్ ఓవెన్లు మరీ చపలం. తీగ ఎర్రబడినప్పుడల్లా వేడి ఒక్కసారిగా ఎగబాకుతుంది, మళ్లీ దిగుతుంది. పూసల పక్కనే, అదే ఎత్తులో పెట్టే ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనాలి. ఈ పనికి కావలసిన సామానంతటిలో తప్పనిసరిది అదే. మంచి రోలర్ లేకపోయినా సీసాతో నెట్టుకురావచ్చు, థర్మామీటర్ లేకపోతే మాత్రం అంతా జూదమే.

ఓవెన్‌ను ముందు 15 నిమిషాలు ఖాళీగా వేడిచేసి, థర్మామీటర్ అంకె నిలకడగా ఉందని చూశాకే పూసలు లోపల పెట్టాలి. సమయం అక్కడినుంచి లెక్క. నున్నటి సిరామిక్ టైల్ మీద పెడితే వేడి ఒడిదుడుకులను అది కొంత మింగుతుంది. టైల్ మీద నేరుగా ఆనిస్తే అడుగున మెరిసే మచ్చ పడుతుంది కాబట్టి మధ్యలో తెల్లకాగితం పరచాలి. ఓవెన్‌లో కాగితమా అని భయపడనక్కర్లేదు, అది అంటుకోవడానికి 200 డిగ్రీల పైనే కావాలి. తీగలకు తగలకుండా చూసుకుంటే చాలు. గుండ్రటి పూసలు దొర్లకుండా కాగితాన్ని విసనకర్రలా మడతలు పెట్టి ఆ మడతల్లో వరసగా పేర్చవచ్చు. పైన అల్యూమినియం ఫాయిల్‌ను గుడారంలా కప్పితే తీగల మంట నేరుగా తగలదు. ఫాయిల్ పూసలకు ఆనకూడదు. మైక్రోవేవ్ ఈ పనికి పనికిరాదు.

బయటికి తీసిన వెంటనే పూసలు మెత్తగానే ఉంటాయి. ఉడకలేదేమో అని మళ్లీ లోపలికి తోసే కంగారు ఇక్కడే పుడుతుంది. చల్లారాకే అసలు గట్టిదనం వస్తుంది. అరగంట ముట్టుకోకుండా ఉంచాలి, పిల్లలు చుట్టూ ఉంటే అది ఓవెన్ కన్నా కష్టమైన భాగం.

ఇక పిల్లల వాటా. ఓవెన్, పదును బ్లేడు, సూపర్ గ్లూ: ఈ మూడూ పెద్దవాళ్లవి. మిగతాదంతా వాళ్లదే. పొట్లం విప్పిన క్లే గట్టిగా, పెళుసుగా ఉంటుంది. దాన్ని పిసికి మెత్తబరచడం ముఖ్యం. నునుపు కోసమే అనుకుంటారు గానీ, అడుగున పేరుకున్న ప్లాస్టిసైజర్ మళ్లీ అంతటా సమానంగా కలవడానికి. పిసకని క్లే కాల్చాక బీటలిస్తుంది. పిల్లల అరచేతికి బలం తక్కువ కనుక ఒకేసారి 10 గ్రాములకు మించి ఇవ్వొద్దు. మూడు నాలుగు నిమిషాలు పిసికి, కాడలా సాగదీసి మడిచినప్పుడు మడత దగ్గర పగలకపోతే సిద్ధమైనట్టు. గట్టిగా ఉన్న ముక్కను ప్లాస్టిక్ సంచిలో చుట్టి పది నిమిషాలు జేబులో పెట్టుకుంటే ఒంటి వేడికి సగం పని అయిపోతుంది. మరీ మెత్తబడి వేళ్లకు అంటుకుంటుంటే తెల్లకాగితాల మధ్య పలచగా పరిచి గంట రెండు గంటలు ఉంచాలి. ఎక్కువైన ద్రవాన్ని కాగితం లాగేసుకుంటుంది, కాగితం మీద నూనె మరక కనిపిస్తుంది.

రంగుల క్రమం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సగం నగల అందం దానిలోనే ఉంది. తెలుపు ముందు, తర్వాత పసుపు, ఎరుపు, నీలం, చివర నలుపు. ఎరుపు పట్టుకున్న చేతితో తెలుపు ముట్టుకుంటే అది గులాబీ అయిపోతుంది, తిరిగి రాదు. రంగు మార్చే ప్రతిసారీ తడి వైప్‌తో వేళ్లు తుడవాలి. తెల్ల క్లే గాలిలోని నూగునంతా పట్టేస్తుంది కనుక ఉన్ని దుస్తులు, ముదురు రంగు చేతుల చొక్కాలు ఆ పూటకి వద్దు. నూగు అంటితే దూదిపుల్లకు స్పిరిట్ తడిపి, కాల్చకముందే తుడిస్తే పోతుంది. రంగులు కలిపేటప్పుడు ముదురు రంగు లేత రంగును మింగేస్తుంది. ఆకుపచ్చ కావాలంటే పసుపు ఎనిమిది పాళ్లు, నీలం ఒక పాలు తీసుకుని, చాలకపోతే మరికాస్త నీలం కలుపుకోవాలి. పిల్లల ముందు ఆరు రంగులు పెడితే పావుగంటలో అన్నీ కలిసి బురద రంగు ముద్ద తయారవుతుంది. రెండు రంగులు, ఒక తెలుపు ఇస్తే ఏం చేసినా బాగుంటుంది. చారలు కనిపిస్తున్నప్పుడే కలపడం ఆపితే పాలరాయి నమూనా వస్తుంది. ఆ ‘ఆపడం’ పిల్లలకు పట్టుబడటానికే రెండు మూడు ముద్దలు ఖర్చవుతాయి, అవ్వనివ్వాలి.

ఒకే సైజు పూసలు కావాలంటే కంటి అంచనా పనికిరాదు, ముఖ్యంగా ఆరేడేళ్ల పిల్లలకు. స్కేలు పక్కన పెట్టుకుని 8 మిల్లీమీటర్ల లావు కాడ చేసి, సరిగ్గా 1 సెంటీమీటర్ చొప్పున ముక్కలు కోస్తే ఒక్కో ముక్కా దాదాపు 10 మిల్లీమీటర్ల పూస అవుతుంది. 12 మిల్లీమీటర్ల పూస కావాలంటే కాడ 10 మిల్లీమీటర్ల లావు, ముక్క పదకొండున్నర మిల్లీమీటర్ల పొడవు. కోయడానికి మొండి ప్లాస్టిక్ కత్తి గానీ, పళ్ల మధ్య శుభ్రం చేసుకునే దారం గానీ చాలు. ముక్కను ముందు గట్టిగా నలిపి గీతలు పోగొట్టి, తర్వాత రెండు అరచేతుల మధ్య పెట్టి ఒత్తిడి తగ్గిస్తూ తిప్పాలి. పిల్లలు చివరిదాకా ఒకే బలంతో నొక్కుతారు, అందుకే పూస కాస్తా మొనలు తేలి మొగ్గలా అవుతుంది.

బెజ్జం ఎక్కువమంది తొందరపడే చోటు. గుండ్రంగా చేసిన వెంటనే పొడిస్తే పూస అప్పడంలా నలిగిపోతుంది. పావుగంట పక్కన పెట్టి చల్లబడనిచ్చి, టూత్‌పిక్‌ను నొక్కకుండా మెలితిప్పుతూ దించాలి. అవతలి వైపు మొన తొంగిచూడగానే వెనక్కి తీసి, ఆ చుక్కలోంచి మళ్లీ లోపలికి పొడవాలి. ఒకే వైపునుంచి తోసేస్తే రెండో వైపు అంచు లేచి గరుకుగా మిగిలి, కొన్నాళ్లకు దారాన్ని కోసేస్తుంది. సాగే దారం 0.8 మిల్లీమీటర్లదైతే బెజ్జం 1.5 ఉండాలి, ముడి లోపల దాగాలంటే ఒక పూసకు మాత్రం 2 పైన.

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు సుడి నమూనా నేర్పవచ్చు. రెండు రంగుల్లో 3 మిల్లీమీటర్ల మందం, 5 సెంటీమీటర్ల వెడల్పు, 8 సెంటీమీటర్ల పొడవున్న పలకలు ఒకదానిమీద ఒకటి వేసి, మొదటి అంచును వేలితో పలచన చేసి, మధ్యలో గాలి చిక్కకుండా బిగుతుగా చుట్టాలి. రెండున్నర సెంటీమీటర్ల లావు చుట్ట వస్తుంది. దాన్ని నడుమ నుంచి అంచులవైపు నొక్కుతూ సాగదీస్తే నమూనా చెడకుండానే చిన్నదవుతుంది. లావు సగమైతే పొడవు నాలుగింతలు. అంచులనుంచి మొదలుపెడితే లోపలి రంగు బయటికి ఉబ్బి రెండు వైపులా వృథా. సాగదీశాక వెంటనే కోయకూడదు, చేతి వేడికి మెత్తబడి ఉంటుంది, బిళ్ల గుడ్డు ఆకారానికి వస్తుంది. ఫ్రిజ్‌లో 20 నిమిషాలు పెట్టి, ఒక్కో బిళ్ల కోసినప్పుడల్లా చుట్టను పావు వంతు తిప్పాలి. ఈ కోత పెద్దవాళ్లు పలచటి బ్లేడుతో చేయాలి. 3 మిల్లీమీటర్ల బిళ్లలు లాకెట్లకు సరిపోతాయి. వాటి బెజ్జం అంచునుంచి కనీసం 3 మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి, లేకపోతే జంప్ రింగు (లాకెట్‌ను తగిలించే చిన్న తీగ రింగు) బరువుకే అక్కడ చిట్లుతుంది.

పెద్ద లాకెట్లు బీటలివ్వడానికి ఒకటే కారణం కాదు. లోపల గాలి ఉండవచ్చు, పిసకడం చాలకపోవచ్చు, పైన ఉడికి లోపల ఉడకకపోవచ్చు. 12 మిల్లీమీటర్లకన్నా లావైనదేదైనా లోపల ఫాయిల్ ఉండను గట్టిగా నలిపి పెట్టి, చుట్టూ 4 మిల్లీమీటర్ల క్లే కప్పడం మేలు. బరువూ తగ్గుతుంది, క్లే కూడా మిగులుతుంది.

దండ గుచ్చేటప్పుడు వచ్చే లెక్క తప్పు గురించి ఎక్కడా రాయరు. పిల్ల మణికట్టు చుట్టుకొలత 14 సెంటీమీటర్లు, పూస 10 మిల్లీమీటర్లు, కాబట్టి 14 పూసలు చాలనుకుంటారు. గుచ్చాక చెయ్యి పట్టదు. పూసల మధ్య నుంచి పోయే దారం మణికట్టుకు పూస సగం లావు దూరంలో తిరుగుతుంది గనక చుట్టుకొలతకు పూస లావుకి మూడింతలు కలపాలి. 14కు 3 కలిపితే 17 పూసలు. ఒక్కో పూస సుమారు గ్రాము బరువు, కనుక 57 గ్రాముల పొట్లంతో మూడు బ్రేస్‌లెట్లు అవుతాయి. సాగే దారాన్ని గుచ్చేముందు నాలుగైదుసార్లు గట్టిగా లాగి వదలాలి, లేదంటే మొదటివారంలోనే వదులై పూసల మధ్య సందులు తేలతాయి. ముడి వేసేటప్పుడు మొదటి మెలిక రెండుసార్లు తిప్పితే జారదు. జంప్ రింగును రెండు పట్టకార్లతో పక్కకు మెలితిప్పి తెరవాలి, విడదీసినట్టు లాగితే మళ్లీ గుండ్రంగా మూసుకోదు. చెవిదుద్దుల కొక్కేలు సర్జికల్ స్టీలువో, నికెల్ లేనివో కావాలి. నికెల్ పడని చెవులు చాలా ఉంటాయి. దుద్దు వెనక కాడను సూపర్ గ్లూతో అంటించి ఓవెన్‌లో పెట్టకండి, ఆ వేడికి జిగురు పట్టు వదిలేస్తుంది. కాల్చి చల్లారాకే అంటించాలి.

మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఈ పూసలు అందుబాటులో ఉండకూడదు. బొమ్మల భద్రత పరీక్షల్లో 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టంలో పూర్తిగా ఇమిడే వస్తువును ఆ వయసుకు గొంతులో చిక్కే ప్రమాదమున్నదిగా లెక్కిస్తారు. మన పూస దానిలో మూడో వంతు. చిన్నపిల్లల మెడకు గట్టి దారపు దండలు వద్దు, లాగితే ఊడిపోయే కొక్కెం ఉన్నవైతేనే. క్లే ముట్టిన కత్తి, రోలర్, పళ్లెం మళ్లీ వంటకు వాడరాదు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించాలి. పాత రకాల్లో వాడిన థాలేట్లు అనే రకం ప్లాస్టిసైజర్లలో కొన్నింటిని పిల్లల వస్తువుల్లో 0.1 శాతానికి పరిమితం చేస్తూ ఐరోపా 2005లో, అమెరికా 2008లో చట్టాలు తెచ్చాయి. అంతకుముందు కొని అటకెక్కించిన పొట్లాలుంటే పిల్లలకు ఇవ్వొద్దు.

మిగిలిన ముద్దలను ఏ డబ్బాలో పడితే ఆ డబ్బాలో వేయకూడదు. పచ్చి క్లే కొన్ని ప్లాస్టిక్కులను తినేస్తుంది. అడుగున త్రికోణంలో 5 అంకె ఉన్న డబ్బా సురక్షితం. 6 అంకె ఉన్న పారదర్శకపు పెళుసు డబ్బాకు అంటుకుపోయి దాన్నీ పాడుచేస్తుంది. వార్నిష్ వేసిన బల్ల మీద రాత్రంతా వదిలేసినా అంతే, మరక పడుతుంది. కిటికీ పక్క, ఎండలో ఉన్న కారులో పెడితే సగం ఉడికి గట్టిపడుతుంది. ‘ఎండలో ఆరబెట్టండి’ అన్న సలహా పుట్టింది ఇలాంటిది చూసేనేమో!

ఇదంతా ఒక పిల్లల పేజీలో పట్టదని మాకు తెలుసు. నాలుగు సంగతులకు మాత్రం చోటివ్వమని మనవి: పొట్లం మీది డిగ్రీలు, పూస మందాన్నిబట్టి నిమిషాలు, థర్మామీటర్, ఓవెన్ దగ్గర పెద్దవాళ్లు. బొమ్మలో పదును బ్లేడును పిల్ల చేతిలో చూపించకపోతే ఇంకా మంచిది.

ఇట్లు,
పిల్లలకు చేతిపనులు నేర్పే శిక్షకులం

తా.క. కాల్చిన పూసలకు మెరుపు కోసం గోళ్ల రంగు పూయమని సలహాలు కనిపిస్తున్నాయి. అందులోని ద్రావకాలు పీవీసీని మెల్లగా మెత్తబరుస్తాయి. కొన్ని వారాలకు పూస జిగటగా మారి దుమ్మంతా పట్టుకుంటుంది, ఇక బాగుచేయలేం. చాలా స్ప్రే వార్నిష్‌లదీ అదే దారి. నీటి ఆధారిత యాక్రిలిక్ వార్నిష్ పలచగా రెండు పూతలు వేయండి. లేదా 400, 600, 1000 నంబర్ల వాటర్ పేపర్‌తో (తడిపి వాడే గరుకు కాగితం) నీళ్ల గిన్నెలో వరసగా రుద్ది, తుడిచి, జీన్స్ గుడ్డతో మెరుగుపెట్టండి. పొడిగా రుద్దితే దుమ్ము పిల్లల ముక్కుల్లోకి పోతుంది.